పరిగె ఏరుకున్నట్లు చదువుదాం



డిసెంబరు 31 రాత్రి చర్చిలో ఆరాధన ముగించుకుని ఇంటికి వస్తూ మన ఆడవాళ్లలో చాలామంది ఒక మాట అనుకుంటారు. ఈ ఏడాదైనా బైబిలు మొదటినుంచి చివరిదాకా చదివేయాలి అని. మంచి సంకల్పమే. బైబిలులో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు వున్నాయి. రోజుకు మూడేసి, ఆదివారాలు ఐదేసి అధ్యాయాలు చదివితే సంవత్సరంలో పూర్తవుతుంది. లెక్క బాగానే వుంది. ఆదికాండం కథలా సాగిపోతుంది. నిర్గమకాండంలో ఎర్ర సముద్రం దాటేవరకు ఉత్సాహంగానే వుంటుంది. ఆ తరువాత ప్రత్యక్ష గుడారపు కొలతలు వస్తాయి. జనవరి నెలాఖరుకు లేవీయకాండం చేరుకుంటాం. అక్కడ బలులు, క్రొవ్వు, కుష్ఠు లక్షణాలు. ఇంతలో ఇంట్లో ఎవరికో జ్వరం, లేదా ఊరినుంచి చుట్టాలు. నాలుగు రోజులు చదువు తప్పుతుంది. అంటే పన్నెండు అధ్యాయాల బాకీ! ఆ బాకీ తీర్చాలని ఒక మధ్యాహ్నం గబగబా చదువుతాం. తీరదు. ఫిబ్రవరి వచ్చేసరికి బైబిలు మళ్లీ అలమరలోకి చేరుతుంది. దానితోపాటు, నాకు భక్తి చాలదేమో అనే బెంగ కూడా ఒక మూల చేరుతుంది.

మరి కొందరున్నారు. ఒక్కరోజు కూడా తప్పరు. తెల్లవారుజామున లేచి మూడు అధ్యాయాలు చదివి తీరుతారు. కాని చదివి పుస్తకం మూసిన ఐదు నిమిషాలకు ఏం చదివావమ్మా అని అడిగితే చెప్పలేరు. కళ్లు అక్షరాల మీద, మనసు పొయ్యిమీది పాల మీద! ఇది క్రైస్తవుల ఇళ్లకే పరిమితమైన సంగతి కాదు. రామాయణ పారాయణ చేసే ఇళ్లలోనూ, గీత చదువుకునే ఇళ్లలోనూ ఈ ఇబ్బంది వున్నదే. నోరు పుణ్యం చేసుకుంటుంది గాని మనసుకు భోజనం దొరకదు.

అందుచేత యీ రోజు బైబిలును ఎంత చదవాలి అన్నది కాక, ఎట్లా చదివితే అది మన బతుకులోకి వస్తుందో కాసేపు మాట్లాడుకుందాం.

దీనికి నాకు బైబిలులోనే ఒక స్త్రీ మంచి దారి చూపించినట్లు తోస్తుంది. ఆమె రూతు. నాలుగే అధ్యాయాలున్న చిన్న పుస్తకం ఆమెది. మోయాబు దేశపు పిల్ల. భర్త పోయాడు. మామ, మరిదీ కూడా పోయారు. అత్తగారైన నయోమిని వదలలేక ఆమె వెంట బేత్లెహేముకు వచ్చింది. ఇంట్లో తిండిగింజలు లేవు. అది యవల కోతకాలం. పొద్దున్నే లేచి, కోతగాళ్ల వెనకాల పరిగె ఏరుకోవడానికి వెళ్లింది. పల్లెటూళ్లలో పెరిగిన మనకు పరిగె అంటే చెప్పనక్కరలేదు. కోత కోసేటప్పుడు జారిపడిన వెన్నులను వంగి ఒక్కొక్కటే ఏరుకోవడం.

ఆమె చేసిన పనులు వరుసగా చూడండి. ఒకటి, ఒకే చేనిలో ఏరుకుంది. బోయజు ఆమెతో మరో చేనికి పోవద్దని చెప్పాడు. యవల కోత, గోధుమల కోత రెండూ ముగిసేదాకా ఆమె అక్కడే వుంది. రెండు, ఏరుకున్నదాన్ని సాయంత్రం కూర్చుని దుళ్లగొట్టింది. వెన్నులు వెన్నులుగానే మోసుకుపోలేదు. మూడు, వచ్చిన తూమెడు యవలను ఇంటికి తెచ్చి అత్తగారికి చూపించింది. తాను తిని మిగిల్చినది కూడా ఆమెకు పెట్టింది. ఈ మూడు పనులూ బైబిలు చదవడానికి సరిగ్గా సరిపోతాయి. ఒక చేనిలో వుండాలి, ఏరినదాన్ని దుళ్లగొట్టాలి, ఇంటికి తెచ్చి పంచుకోవాలి.

మొదటిది, ఒకే చేనిలో వుండడం. మనలో చాలామందికి బైబిలును ఎక్కడపడితే అక్కడ తెరిచే అలవాటు వుంది. కళ్లు మూసుకుని పేజీ తీసి, వేలు పెట్టి, వేలికింద వున్న వచనమే ఈ రోజు దేవుడు నాకిచ్చిన మాట అనుకుంటాం. కొత్త సంవత్సరం రాత్రి వాగ్దానపు కార్డు తీసుకోవడం కూడా మన సంఘాలలో ఆచారమై పోయింది. ఆ కార్డును పూజగదిలో పటంలా గోడకు అంటిస్తాం. తప్పనను. మంచి మాట కళ్లెదుట వుంటే మంచిదే. కాని ఆ ఒక్క వచనంతో ఆగిపోతే కొన్నిసార్లు ఎంత నష్టం జరుగుతుందో చెబుతాను.

నాకు తెలిసిన ఒక పెద్దావిడ వున్నారు. ఒక ఏడాది ఆవిడకు యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం కార్డు వచ్చింది. దేవుడు తన ప్రజల విషయంలో తలపెట్టినది హాని కాదు, మేలే. వారికి ముందు మంచికాలం వున్నది అనే అర్థం వచ్చే వచనం అది. ఆవిడ కొడుకుకు చదువయి నాలుగేళ్లయినా ఉద్యోగం లేదు. ఇంకేముంది, ఈ ఏడాది వాడికి ఉద్యోగం ఖాయం అనుకున్నారు. అందరికీ చెప్పారు. ఏడాది తిరిగింది. ఉద్యోగం రాలేదు. ఆవిడ కార్డు చింపలేదు గాని బైబిలు ముట్టుకోవడం మానేశారు. దేవుడు నాతో ఎందుకమ్మా అబద్ధమాడాడు అని అడిగారు. ఆ ప్రశ్నకు ఎవరికైనా ప్రాణం చివుక్కుమంటుంది.

ఆవిడా నేనూ కూర్చుని ఆ అధ్యాయం మొదటినుంచి చదివాం. అది ఒక ఉత్తరం. యెరూషలేమునుంచి బబులోనుకు చెరపట్టుకు పోయిన వాళ్లకు యిర్మీయా రాసి పంపినది. దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త వున్నాడు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని జనానికి తీపి మాట చెప్పాడు. యిర్మీయా అట్లా చెప్పలేదు. డెబ్బయి ఏళ్లు పడుతుందన్నాడు. అందాకా అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకుని వాటి పండ్లు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పరాయి పట్టణం బాగుండాలని ప్రార్థన చేయండి అన్నాడు. ఇదంతా చెప్పిన తరువాతే ఆ వాగ్దానం వస్తుంది. ఆ ఉత్తరం చదివించుకుని విన్న పెద్దవాళ్లలో ఎందరో ఆ తిరుగు ప్రయాణం కళ్లజూడకుండానే పోయి వుంటారు. అయినా ఆ మాట అబద్ధం కాలేదు.

ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, అయితే ఇది రేపటికి ఇచ్చిన చెక్కు కాదన్నమాట, వుండాల్సిన చోట వుండమని ఇచ్చిన ధైర్యం అన్నమాట, అన్నారు. అంతకన్నా బాగా ఏ బోధకుడు చెప్పగలడు? కార్డులోని వచనం మారలేదు. దాని చుట్టూ వున్న చేను కనిపించింది, అంతే.

మరొక సంగతి వుంది, అది ఆడవాళ్లం ప్రత్యేకంగా తెలుసుకోవలసినది. భార్యలు భర్తలకు లోబడి వుండాలనే మాట ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయంలో వుంది. పెళ్లిలో విన్నాం, తగవుల్లో విన్నాం. దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన పిల్లకు ఈ ఒక్క వచనం చూపించి, వెళ్లి సర్దుకో అని తిరిగి పంపిన పెద్దమనుషులు కూడా వున్నారు. మన చేతిలో బైబిలు వుంది గదా, తెరిచి చూద్దాం. ఆ మాట 22వ వచనం. దానికి ముందున్న 21వ వచనం అందరినీ ఒకరికొకరు లోబడమంటున్నది. భార్యలకు చెప్పినది 22 నుంచి 24 వరకు, మూడు వచనాలు. 25 నుంచి భర్తల వంతు మొదలై అధ్యాయం చివరిదాకా సాగుతుంది. క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అర్పించుకున్నట్లు భర్త భార్యను ప్రేమించాలి, తన సొంత శరీరాన్ని పోషించుకున్నట్లు ఆమెను పోషించాలి అని అక్కడ వుంది. తన శరీరాన్ని తాను కొట్టుకునేవాడు ఎవడు? వరుసగా చదివిన స్త్రీ చేతిలో ఆ అధ్యాయం ఒక అండ. ముక్క తెంచి చూపించినవాడి చేతిలో అదే ఒక కర్ర. మన చదువు మనం చదువుకోకపోతే మన తరఫున ఎవరెవరో చదివి పెడతారు. ఇది చిన్న విషయం కాదమ్మా.

మనం చూసే అధ్యాయాల అంకెలు, వచనాల అంకెలు మొదట రాసిన వారు పెట్టినవి కావు. ఇప్పుడు వాడుకలో వున్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దపు తొలినాళ్లలో స్టీఫెన్ లాంగ్టన్ చేసినదని చెబుతారు. కొత్త నిబంధనలోని వచనాల అంకెలను రాబర్ట్ ఎస్తియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు 1551లో అచ్చువేశాడు. వెతుక్కోవడానికి అవి ఎంతో సదుపాయం. కాని గుమ్మం కనబడిన చోటల్లా ఇల్లు అయిపోయిందనుకోకూడదు గదా! మొదటి కొరింథీయుల 13వ అధ్యాయం, అదే ప్రేమను గురించిన అధ్యాయం, పెళ్లిళ్లలో చదువుతాం. దాని ముందరి 12నీ, తరువాతి 14నీ కలిపి చదవండి. నా వరం గొప్పదా నీ వరం గొప్పదా అని పోట్లాడుకుంటున్న సంఘానికి పౌలు రాసిన మాటలవి. పెళ్లిపందిట్లో కంటె తోడికోడళ్లు మాట్లాడుకోవడం మానేసిన వంటింట్లో ఆ అధ్యాయం ఎక్కువ పనికొస్తుంది.

ఇక రెండవది, దుళ్లగొట్టడం. అంటే ఏమిటి? చదివినదాన్ని ఆగి అడగడం. మన తెలుగు బైబిలులో చిన్న చిన్న మాటలున్నాయి: కాబట్టి, గనుక, అయితే, ఏలయనగా. ఈ ఏలయనగా అంటే మన వాడుకలో ఎందుకంటే. ఈ మాటలు గొలుసు లింకుల వంటివి. రోమీయుల 12వ అధ్యాయం కాబట్టి అనే మాటతోనే మొదలవుతుంది. ఎందువల్ల కాబట్టి? వెనకనున్న పదకొండు అధ్యాయాలవల్ల. అటువంటి మాట కనిపించినప్పుడు పెన్సిలుతో సున్నా చుట్టి వెనక్కు వెళ్లి చూడండి.

ఒక రూళ్ల పుస్తకం పెట్టుకోండి. పిల్లల పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాలైనా చాలు. తేదీ వేసి మూడు ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యం రాసుకోండి. ఇక్కడ ఎవరు, ఎవరితో, ఎటువంటి పరిస్థితిలో మాట్లాడుతున్నారు? ఇందులో దేవుడు ఎటువంటివాడుగా కనిపిస్తున్నాడు? ఈ రోజు నేను చేయవలసినది ఏమైనా వున్నదా? అర్థం కానిచోట ప్రశ్న గుర్తు పెట్టి వదిలేయండి. సిగ్గుపడవద్దు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయ రాణిగారి ఖజానా చూసే పెద్ద అధికారి రథంలో కూర్చుని యెషయా గ్రంథం పైకి చదువుకుంటున్నాడు. చదివేది తెలుస్తున్నదా అని ఫిలిప్పు అడిగితే, ఒకరు చెప్పకపోతే నాకెట్లా తెలుస్తుంది అన్నాడు. అంతటివాడికి లేని నామోషీ మనకెందుకు?

మన తెలుగు బైబిలు భాష గ్రాంథికం. కొందరికి అది కమ్మగా వుంటుంది, కొందరికి నోరు తిరగదు. అర్థం కాకపోతే వాడుక భాషలో వచ్చిన అనువాదాన్ని పక్కన పెట్టుకుని చదవడంలో దోషమేమీ లేదు. పండిత రమాబాయి గారి సంగతి ఇక్కడ తలచుకోవాలి. 1858లో పుట్టిన ఆ తల్లి సంస్కృతంలో పండితురాలు. అయినా పల్లెటూరి స్త్రీలకు అర్థమయ్యే తేట మరాఠీలో బైబిలు వుండాలని హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చుకుని, పూనా దగ్గర కేడ్గాంలోని ముక్తి ఆశ్రమంలో ఏళ్ల తరబడి అనువాదం చేశారు. 1922లో ఆమె కన్నుమూసేనాటికి ఆ పని ముగిసింది. సామాన్య స్త్రీకి ఈ పుస్తకం అర్థం కావాలని ఒక స్త్రీ అంత కష్టపడింది. ఆ కష్టం ఎందుకు పడిందో మనం గుర్తుంచుకుంటే చాలు.

వీలైతే పైకి చదవండి. మరీ గట్టిగా అక్కరలేదు, మన చెవికి మనం వినిపించేటంత. మొదటి కీర్తనలో ధ్యానించడం అని మనం చదివే చోట హీబ్రూలో వాడిన మాటకు, నోటిలో మెల్లగా చెప్పుకోవడం అనే అర్థం వున్నది. నోరు చదువుతూ చెవి వింటూ వుంటే మనసు పొయ్యి దగ్గరకు పారిపోవడం తగ్గుతుంది. కళ్లు కనిపించని అత్తగారికో, అక్షరాలు రాని అమ్మమ్మకో వినిపించినట్లూ అవుతుంది. ఇప్పుడు సెల్‌ఫోనులో కూడా తెలుగు బైబిలు చదివి వినిపించే సౌకర్యం వచ్చింది. చదువు రానివారికి అది వరమే. కాని ఫోనులో చదివేవారు ఆ పదిహేను నిమిషాలు మిగతా గంటలన్నీ మోగకుండా చేసుకోవాలి. లేకపోతే యోహాను సువార్త మధ్యలో మరదలి పట్టుచీర ఫోటో వస్తుంది!

మనసు బాగోలేని రోజులుంటాయి. చావు జరిగిన ఇంట్లో, ఆసుపత్రి వరండాలో, స్తుతి పాటలు నోట రావు. అటువంటి రోజున 88వ కీర్తన తీయండి. మిగతా మొరల మాదిరిగా అది చివరకు సంతోషంలోకి మళ్లదు. చీకటితోనే ముగుస్తుంది. అటువంటి మొర కూడా పరిశుద్ధ గ్రంథంలో చోటు చేసుకున్నది. అంటే ఏడుస్తూ కూడా దేవుని ముందు కూర్చోవచ్చు అన్నమాట. బలవంతాన నవ్వు తెచ్చుకోనక్కరలేదు.

మూడవది, ఇంటికి తెచ్చి పంచడం. రూతు ఇంటికి రాగానే అత్తగారు, ఈ రోజు ఎక్కడ ఏరుకున్నావమ్మా అని అడిగింది. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. మన ఇంట్లో కూడా అట్లా అడిగేవారు ఒకరుండాలి. భర్తగాని, కూతురుగాని, పొరుగింటి స్నేహితురాలుగాని, స్త్రీల సమాజంలో తోటి సభ్యురాలుగాని. పెద్ద ప్రసంగం అక్కరలేదు. ఈ రోజు నాకు ఫలానా మాట దగ్గర ఆగాలనిపించింది అని ఒక్క మాట చెప్పుకుంటే అది రెండు ఇళ్ల భోజనం అవుతుంది.

పంచడం అంటే మాటలే కాదు. రూతుకు పరిగె ఏరుకునే హక్కు ఎక్కడినుంచి వచ్చింది? మనం ప్రతి ఏడాదీ ఆగిపోయే ఆ లేవీయకాండంనుంచే! 19వ అధ్యాయంలో వుంది. చేను అంచులదాకా కోయకండి, జారిన వెన్నులు ఏరకండి, బీదలకు, పరదేశులకు వదలండి అని. అంటే మనం విసుగుతో దాటేసిన పేజీయే ఒక విధవరాలికి అన్నం పెట్టింది. అదే అధ్యాయం ఇంకొంచెం ముందుకు, 13వ వచనానికి వెళ్లండి. కూలివాడి కూలి మరునాడు ఉదయందాకా నీ దగ్గర వుంచుకోవద్దని వున్నది. ఇక్కడ పుస్తకం మూసి వంటింటి వైపు చూడండి. పనిమనిషికి ఒకటో తారీఖున ఇవ్వవలసిన జీతం చిల్లర లేదనో, రేపు చూద్దామనో ఎన్నిసార్లు వాయిదా పడుతుంది? ఆమె ఇంట్లో ఆ సాయంత్రం బియ్యం వున్నాయో లేదో మనం అడిగామా? ఆ వేళకు జీతం లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టిన ఇల్లాలు ఆ రోజుకు బైబిలు బాగా చదివినట్లే. మూడు అధ్యాయాలు అక్కరలేదు.

వేళను గురించి ఒక మాట. తెల్లవారుజామే పవిత్రమైన సమయమని నియమమేమీ లేదు. కుళాయి నీళ్లు, పాలు, పిల్లల క్యారేజీలు, వీటి మధ్య కుదరనివారు మధ్యాహ్నం అంట్లు సర్దుకున్నాక కూర్చోండి. ఉద్యోగం చేసేవారు బస్సులోనైనా చదువుకోవచ్చు. ఏ వేళయినా సరే, రోజూ అదే వేళ, అదే చోటు అయితే అలవాటు నిలబడుతుంది. పదిహేను నిమిషాలు చాలు. ఒక రోజు తప్పిందా, తప్పినచోటినుంచే మర్నాడు మొదలుపెట్టండి. వెనకటి బాకీ తీర్చనక్కరలేదు. దేవుడు వడ్డీ వ్యాపారి కాడు. నిన్న అన్నం తినలేదని ఈ రోజు రెండురోజుల అన్నం ఒక్కసారి తింటామా?

ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? రేపే రూతు తీయండి. రోజుకొక అధ్యాయం చొప్పున నాలుగు రోజులు. మొదటి అధ్యాయంలో నయోమి, నిండుగా వెళ్లి వట్టి చేతులతో తిరిగి వచ్చానని ఊరి ఆడవాళ్లతో చెప్పుకుంటుంది. అప్పుడు కోడలు ఆమె పక్కనే నిలబడి వుంది. నాలుగో అధ్యాయంలో ఆ ఊరి ఆడవాళ్లే, ఏడుగురు కొడుకుల కంటె నీ కోడలు మేలు అంటారు. ఈ రెంటి మధ్య ఏం జరిగిందో నెమ్మదిగా చూడండి. తరువాత ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక, అదీ నాలుగు అధ్యాయాలే. సంకెళ్లలో వున్న మనిషి సంతోషించమని రాసిన ఉత్తరం. ఆపైన మార్కు సువార్త, 16 అధ్యాయాలు. మొత్తం 24 రోజులు. ఒక నెల కూడా కాదు. ఆ తరువాత మీ నోటుబుక్కు తెరిచి చూసుకోండి. తక్కువ అధ్యాయాలు చదివి వుంటారు గాని, ఇంటికి తెచ్చుకున్న గింజలు ఎన్నో మీకే తెలుస్తుంది.

పొలం పెద్దదని బెదరకండి. రూతు కూడా ఆ పొలమంతా కోయలేదు. వంగి, ఒక్కొక్క వెన్నే ఏరుకున్నది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఇద్దరికి కడుపు నిండింది.